అరువు ముక్కు

ఎతేరి గారి ఇల్లు రెండో అంతస్తు.
అంత దూరం ఎక్కనక్కర్లేకపోయింది.
టిబిలిసిలో, సొలొలాకి పాత వీధుల్లో
ఏ మెట్లకైనా ఒక వాసన ఉంటుంది,
తడి ఇటుక, ద్రాక్షతీగ, కింద బట్టీలో రొట్టె.
వాటన్నిటినీ తోసుకుంటూ దిగివచ్చి
నన్ను వీధి గుమ్మంలోనే పలకరించింది
పిల్లి ఉచ్చ.

"చిన్నపిల్ల చెప్పింది, ఎల్గుజా,"
కాఫీ పోస్తూ అందావిడ.
"తొమ్మిదేళ్ళ తెక్లే.
'టీచర్, మీ పాఠం కంపు కొడుతోంది' అంది.
మిగతావాళ్ళు ఒక్కొక్కరే మానేశారు.
ఒకడికి పరీక్షలు, ఒకమ్మాయికి పంటినొప్పి,
ఇంకొకరి నాన్నకి బదిలీ.
జనానికి సంగీతం మీద మోజు తగ్గిందనుకున్నాను."

మూడేళ్ళ కిందటి జ్వరం
పోతూ పోతూ ఆవిడ ముక్కుని పట్టుకుపోయిందట.
నా ముందున్న కాఫీ మాడు వాసన.
నేనూ చెప్పలేదు.
తాగేశాను.

తెరలు దించి, ఊదా దీపం వెలిగించి
మోకాళ్ళ మీద పడ్డాను.
చీకట్లో ఇల్లు తన గుట్టు విప్పుతుంది,
పచ్చపచ్చగా, మచ్చలు మచ్చలుగా.
దీపం మాటలన్నీ నమ్మకూడదు.
ఈ మెరుపు పాత జిగురు,
అది సబ్బు నురగ ఆరిన చోటు,
ఆ గోడవార మరక ఏమిటో దేవుడికి తెలియాలి.
దీపం చూపిస్తుందంతే.
తేల్చాల్సింది ముక్కు.

నలభై ఆరేళ్ళవాణ్ణి, నేలకి ముక్కు రాస్తూ
జానెడు జానెడు పాకాను.
అలమారా మీంచి ఫిసో చూస్తోంది,
తన పొలిమేర కొలవడానికి వచ్చిన సర్వేయరుని చూసినట్టు.
కార్పెట్ నిర్దోషి.
సోఫా నిర్దోషి.
పియానో దగ్గర కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెడళ్ళ పైనుండే పలకని ఊడదీసి
శ్రుతి చేసేవాడు బతూమి వెళ్ళాడట,
వచ్చేవారం వస్తానని. రెండేళ్ళయింది.
లోపల చీకటి, మెత్తటి ఉన్ని, అలికిడి లేదు.
నాకు బాగోలేకపోతే
నేనూ అలాంటి చోటే వెతుక్కుంటాను.

"పగబట్టిందా నా మీద?"
"పిల్లికి పగ ఉండదండీ, నొప్పి ఉంటుంది," అన్నాను.
నా మాట కాదది, పశువుల డాక్టరు దగ్గర విన్నది.
మర్నాడు ఆయనే తేల్చాడు:
మూత్రసంచిలో నూకలంత రాళ్ళు.

"వారం వారం వేడినీళ్ళతో కడిగేదాన్ని కదా!"
వేడి తగిలితే అది చెక్కలోకి ఇంకా దిగి కూర్చుంటుంది.
ఆ మాటా మింగాను.
కంపుని కొరుక్కుతినే మందు పోసి, తడిగుడ్డ కప్పి,
కదపకండి, అదే నింపాదిగా తింటుంది, అన్నాను.
ఉన్ని పట్టీ మార్చాను.
అట్టడుగు తీగలు రెండు తుప్పుపట్టాయి,
వాటి జోలికి పోలేదు.

రోజూ తలుపు తీస్తూనే ఒకటే ప్రశ్న, "ఇప్పుడో?"
అద్దంలో బొట్టు సరిచూసుకునే మనిషిలా
నా మొహంలోకి చూసేది.
నాలుగో రోజు వాన.
చచ్చిందనుకున్నది చెమ్మకి లేచి కూర్చుంది.
"తగ్గిందండీ," అన్నాను.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
పొద్దున్నే ఇంకో సీసా పట్టుకెళ్ళాను,
లెక్కలో రాయలేదు.

పదకొండో రోజు గురువారం.
నా సామాను సర్దుకుంటుంటే తెక్లే వచ్చింది.
గడపలో ఆగింది.
పెద్దవాళ్ళలా మొహం సర్దుకోవడం దానికింకా రాదు.
గట్టిగా ఓసారి పీల్చి,
ఇంకోసారి పీల్చి,
బూట్లు విప్పి, వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

స్వరాలు మొదలయ్యాయి.
మూడో వేలు పడాల్సిన చోట నాలుగోది పడింది,
మళ్ళీ అదే తప్పు, ఈసారి ఇంకా ధీమాగా.
ఎతేరి గారు దిద్దలేదు.
ఆవిడ చూస్తున్నది పిల్ల వేళ్ళని కాదు,
ముక్కుని.